కుర్రవాడు క్షేమమా?

ఖరగ్‌పూరు రైల్వే పట్టణమున తెలుగు మాట వినబడని వీధి అరుదు. బెంగాల్ నాగపూరు రైల్వే నాటినుండి శ్రీకాకుళము, విశాఖపట్టణము సీమలనుండి వలసవెళ్లిన మనవారు అచ్చటి వర్కుషాపులో ఇనుము కాల్చి, బోగీలు బాగుచేసి, రైల్వే క్వార్టర్లలో బిడ్డలను పెంచి, ఆరాధనకు తెలుగు సంఘములు ఏర్పరచుకొని, తరతరములుగా ఆ నేలను తమదిగా చేసికొనిరి. ఆ ఇండ్లలో ఒకటి మాది. మా తండ్రిగారు వర్కుషాపులో ఫిట్టరు. ఆయన చదువు ఎనిమిదవ తరగతితో ఆగినది గాని, బైబిలు పఠనము మాత్రము కన్నుమూయువరకు ఆగలేదు. ఆయన నన్నడిగిన ఒక ప్రశ్నకు నేను చెప్పిన జవాబు సరియైనది కాదని ఇప్పుడెరుగుదును. ఆయన నేడు లేరు గనుక ఆ జవాబును ఈ పుటలలో సరిదిద్దుకొనుచున్నాను. చదువరులలో ఎవరి హృదయములోనైనను అట్టి ప్రశ్న మిగిలియుండినయెడల, ఇది వారికిని ఉపయోగపడునేమో.

ఆ ప్రశ్న 1965 సెప్టెంబరు 7వ తేదీన పుట్టినది. నేనప్పటికింకను పుట్టలేదు. భారతదేశమునకును పాకిస్తానునకును యుద్ధము జరుగుచుండెను. ఖరగ్‌పూరునకు సమీపముననున్న కలైకుండా మన వాయుసేనకు ముఖ్యమైన స్థావరము. ఆనాటి ఉదయము తూర్పు పాకిస్తానులోని ఢాకానుండి, తేజ్‌గావ్ విమానక్షేత్రమునుండి, సేబర్ విమానములు అకస్మాత్తుగా వచ్చి నేలమీద నిలిపియున్న మన విమానములను కొన్నిటిని కాల్చివేసెను. కొన్ని గంటలలోనే నాలుగు సేబర్లు రెండవమారు వచ్చెను. ఈసారి ఆకాశమున కావలి యున్నది. ఫ్లయిట్ లెఫ్టినెంట్ ఆల్‌ఫ్రెడ్ కుక్, ఫ్లయింగ్ ఆఫీసర్ మమ్‌గాయిన్ అను ఇద్దరు రెండు హంటర్ విమానములలో ఆ నాలుగింటిని ఎదుర్కొనిరి. పోరాటము చెట్ల కొమ్మలంత తక్కువ ఎత్తునకు దిగి, ఖరగ్‌పూరు సాంకేతిక విద్యాసంస్థ పరిసరములపై సాగెను. విద్యార్థులును ఊరివారును తలలెత్తి చూచిరి. ఒక సేబరు కూలెను. దానిని నడిపినవాడు మరణించెను. మన వీరులిద్దరికిని వీరచక్రము లభించెను. ఆంగ్లో ఇండియనుడైన కుక్ తరువాతి కాలమున ఆస్ట్రేలియాలో స్థిరపడెను.

మా తండ్రిగారు ఆనాడు తోటి పనివారితో కలిసి వర్కుషాపు వెలుపలికి పరుగెత్తి, దూరమున నిప్పు ముద్దవలె రాలిన ఆ విమానమును చూచిరట. అందరును కేకలు వేసిరి. ఆయన చప్పట్లు కొట్టిరి. ఈ కథ నా బాల్యమున ఎన్నిమారులు విన్నానో లెక్కలేదు. చెప్పిన ప్రతిమారు ఆయన చేతులు చరచి చూపెడివారు. మేము పిల్లలమును చరిచెడివారము.

అయితే ఏండ్లు గడిచినకొలది ఆయన ఆ కథ చెప్పుట తగ్గించిరి, తుదకు మానిరి. నేను దైవశాస్త్రమున డాక్టరేటు పట్టము పొంది ఇంటికి వెళ్లిన సెలవులలో ఒకనాటి సాయంకాలము వరండాలో కూర్చుండి అడిగిరి: “నాయనా, నువ్వు పెద్ద చదువులు చదివావు. ఆ రోజు పడిపోయిన కుర్రోడు, వాడి తల్లికి ఎవరు కబురు చెప్పుంటారంటావు? నేను చప్పట్లు కొట్టానురా. అది పాపమేనా?”

అప్పుడు నా నోటినిండ పండితుల పేర్లున్నవి. న్యాయమైన యుద్ధమును గూర్చి అగస్టీను ఏమి బోధించెనో, అధికారమునకు ఖడ్గము ఏల ఇయ్యబడెనో పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికనుండి ఎట్లు తేలునో, ఒక దేశము తన్నుతాను కాపాడుకొనుట ఏల ధర్మమో క్రమముగా వివరించితిని. కుక్ చేసినది కర్తవ్యమనియు, ఆయన చేయకపోయిన మన స్థావరమునకు మరింత నష్టము కలిగియుండెడిదనియు చెప్పితిని. అన్నియు నిజములే. ఆయన తుదివరకు ఓపికగా విని, “బాగుంది నాయనా. కానీ నేను అడిగింది ఆయన సంగతి కాదు, నా సంగతి,” అని లోపలికి వెళ్లిరి. మరెన్నడును అడుగలేదు.

ఆయన నన్నడిగినది యుద్ధమును గూర్చి కాదు. చప్పట్లను గూర్చి. ఒక మనుష్యుడు పడిపోయినప్పుడు, అతడు మన శత్రువైనను, మన హృదయము ఏమి చేయవలెను? ఆ ప్రశ్నను నేను తప్పించుకొని, సులువైన వేరొక ప్రశ్నకు జవాబు చెప్పితిని. చదువుకొన్న వారికిది అలవాటైన దోషము.

ఆ కుర్రవాని పేరు అఫ్జల్ ఖాన్. పాకిస్తాను వాయుసేనలో ఫ్లయింగ్ ఆఫీసరు. సేనలో పైకి ఎక్కవలసిన మెట్లు ఇంక ఎన్నియో మిగిలియుండగనే యౌవనస్థులు ధరించు హోదా అది. యుద్ధ చరిత్రలలో ఆ పేరు ఒక్క పంక్తిలో వచ్చి పోవును. ఖరగ్‌పూరు తన మృతులను మరచిన ఊరు కాదు. అచ్చటి హిజ్లీ నిర్బంధ శిబిరమున 1931 సెప్టెంబరు 16న కాల్పులలో మరణించిన సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తాలను ఆ ఊరు నేటికిని స్మరించును. ఆ శిబిర భవనముననే 1951లో మన తొలి ఐఐటీ ఆరంభమాయెను. ఆ ఇద్దరును మనవారు. వారిని స్మరించుట న్యాయము. అయితే ఆ పరిసరములలోనే రాలిన పరాయి బిడ్డను స్మరించువారెవరు? అతని స్మరణ మనకేల అను ప్రశ్న వచ్చును. అదియు ఆలోచింపదగినదే.

శత్రువు పతనమునకు సంతోషించుట సహజమే గదా అని కొందరందురు. సహజమే. అయితే సహజమైనదంతయు మంచిదని మన విశ్వాసము ఎన్నడును బోధింపలేదు. శత్రువు కూలినప్పుడు నీ మనస్సు ఉప్పొంగనీయకుమను హెచ్చరిక సామెతల గ్రంథముననే యున్నది. నీనెవె నశింపలేదని అలిగి కూర్చున్న యోనాతో దేవుడు వాదించిన తీరు మనమెరుగుదుము.

మరికొందరు దీనికి ఎదురుగా, యుద్ధమంతయు పాపమే, ఉభయపక్షములును సమానమే, కాబట్టి ఎవరికిని చప్పట్లు వద్దందురు. ఈ మాట వినుటకు పరిశుద్ధముగా నుండును. కాని ఇతరులు ప్రాణములొడ్డి కాచిన ఇంటిలో కూర్చుండి ఇట్లు పలుకుట ఎంత చౌక! ఖరగ్‌పూరు క్వార్టర్లలో ఆనాడు మా తల్లిగారు చంటిబిడ్డ చెవులు మూసి మంచము క్రింద దాగియుండిరి. ఆమెకును బాంబులకును నడుమ ఎవరో నిలిచిరి. 1971 డిసెంబరులో గంగాసాగర్ వద్ద శత్రువుల మిషన్‌గన్‌ల మీదికి నడిచి ప్రాణమర్పించిన లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కాను తలంచుడి. ఇప్పటి జార్ఖండ్‌లోని గుమ్లా జిల్లా జారీ గ్రామమునకు చెందిన ఆదివాసి క్రైస్తవుడాయన. ఇరువదితొమ్మిది ఏండ్లు నిండకమునుపే మరణించి పరమవీరచక్రమునకు పాత్రుడాయెను. అట్టివారి త్యాగమును తక్కువచేయు నిష్పక్షపాతము ప్రేమ కాదు, కృతఘ్నత.

అట్లయిన మన దారి ఏది? తండ్రిగారు మరణించిన కొన్ని ఏండ్లకు, సమూయేలు రెండవ గ్రంథముపై ఒక వ్యాఖ్యానమును తెలుగుచేయుచుండగా, ఆయన ప్రశ్న నా బల్లమీదికి తిరిగివచ్చినది.

పదునెనిమిదవ అధ్యాయమును జ్ఞాపకము చేసికొనుడి. దావీదు మహనయీము గుమ్మమున కూర్చుండి యుద్ధవార్తకై ఎదురుచూచుచున్నాడు. తన మీద తిరుగబడి, తన సింహాసనము నపహరించి, తన ప్రాణము తీయుటకు సైన్యముతో వచ్చినవాడు అబ్షాలోము. అంతకంటె నిజమైన శత్రువు దావీదునకు ఆనాడు లేడు. అహిమయస్సు పరుగెత్తివచ్చి మొదట పలికిన మాట హెబ్రీలో ‘షాలోమ్’. అంతయు క్షేమమని అర్థము. వెంటనే రాజు అదే మాటను ప్రశ్నగా మార్చి, ఆ ‘నఅర్’నకు షాలోమా అని అడుగును. దేశమునకు క్షేమమన్నావు, ఆ కుర్రవానికి క్షేమమా? రెండవ దూతయైన కూషీయుని కూడ అదే అడుగును. ఆ దూత, ఏలినవాని శత్రువులందరు ఆ ‘నఅర్’ వలెనే అగుదురుగాక అను భావముతో జవాబిచ్చును. ఆ ఒక్క వాక్యములో ‘శత్రువులు’ అను మాటయు ‘నఅర్’ అను మాటయు ప్రక్కప్రక్కన నిలిచియున్నవి.

‘నఅర్’ అను ఈ చిన్న మాట అనువాదకుని బాధించును. జమ్ముపెట్టెలో ఏడ్చుచున్న పసి మోషేకు ఇదే మాట. పదునేడేండ్ల యోసేపునకు ఇదే మాట. గిబియోను కొలను నొద్ద అబ్నేరు పక్షమున పండ్రెండుగురు, యోవాబు పక్షమున పండ్రెండుగురు ఎదురెదురుగా నిలిచి ఒకరినొకరు పొడుచుకొని ఒక్కమారే కూలిన యౌవనులకును ఇదే మాట. తెలుగులో బాలుడనియు, యౌవనుడనియు, పనివాడనియు సందర్భమును బట్టి వ్రాసెదము. కాని దావీదు నోట అది అట్టి గ్రంథస్థమైన మాట కాదు. రాజ్యద్రోహి అనదగినచోట, శత్రుసేనాధిపతి అనదగినచోట, తండ్రి మాత్రమే వాడగల మాట అది. తగిన తెలుగు దొరకక రెండు దినములు కలము పట్టుకొని కూర్చుంటిని. మూడవ దినమున చెవిలో వినబడినది: “ఆ రోజు పడిపోయిన కుర్రోడు.”

నేను సగము జీవితము ధారపోసి నేర్చిన హెబ్రీ మాటను, ఎనిమిదవ తరగతి చదివిన ఫిట్టరు నాకంటె ముందే అనువదించియుండెను. ఆయన పాకిస్తానువాడనలేదు, శత్రువనలేదు. కుర్రోడు అనెను, వాడి తల్లి అనెను. ప్రశ్నలోనే జవాబు సగము దాగియుండగా, నేను గ్రంథములలో వెదకితిని.

అయితే ఆ కథ దావీదు దుఃఖముతో ముగియలేదు. జయించి వచ్చిన సైనికులు రాజు ఏడ్పు విని, ఓడినవారివలె సిగ్గుతో పట్టణములోనికి దొంగచాటుగా ప్రవేశించిరి. అప్పుడు యోవాబు లోపలికి వెళ్లి రాజును గద్దించెను. నిన్ను ద్వేషించువారిని నీవు ప్రేమించుచున్నావు, నిన్ను ప్రేమించువారిని ద్వేషించుచున్నావు అన్నది ఆ గద్దింపు సారము. యోవాబు కఠినుడు, అబ్షాలోమును చంపినవాడు. అయినను ఆ మాటలో సత్యము లేకపోలేదు. దావీదు లేచి గుమ్మములో కూర్చుండెను. సైనికులు ఆయనను చూచిరి. దుఃఖము మానుమని కాదు, ఆ దుఃఖమువలన తన్ను కాచినవారిని సిగ్గుపరచకూడదని ఆయన గ్రహించెను.

యోవాబు పలికిన రెండు భాగములను వేరుచేసి చూడుడి. ద్వేషించువారిని ప్రేమించుట అను మొదటి భాగమును యోవాబు నిందగా పలికెను. వేయి సంవత్సరముల తరువాత దావీదు కుమారుడు కొండమీద దానినే ఆజ్ఞగా పలికెను. ప్రేమించువారిని ద్వేషించుట అను రెండవ భాగమును మన ప్రభువు ఎన్నడును ఆజ్ఞాపింపలేదు. కనుక క్రైస్తవుని దారి ఈ రెండింటి నడుమ తేటగా నున్నది. మనలను కాచినవారికి గుమ్మములో కూర్చుండి కృతజ్ఞత చెల్లింపవలెను. పడినవానికొరకు గదిలో కన్నీరు విడువవలెను. గుమ్మమునుండి గదికి పోవుటకును, గదినుండి గుమ్మమునకు వచ్చుటకును సిగ్గుపడకూడదు.

ఇక చప్పట్ల సంగతి. ఆనాడు ఆయన చేతులు చరచినది దేనికి? ఒకే చప్పుడులో రెండు సంతోషములు కలిసియుండవచ్చును. ఒకటి, ఆపద తప్పినదన్న సంతోషము. మరియొకటి, వాడు చచ్చెనన్న సంతోషము. చెవికి రెండును ఒక్కటే. దేవుని యెదుట రెండును ఒక్కటి కావు. వాటిని వేరుచేయుటకు ఒక పరీక్ష కలదు. విమానము కూలి, కుర్రవాడు పారాచూట్‌తో దిగి బ్రదికి పట్టుబడియుండినయెడల మన సంతోషము తగ్గెడిదా? తగ్గనియెడల అది విడుదలను గూర్చిన సంతోషమే. దానికి పశ్చాత్తాపము అక్కరలేదు, స్తోత్రము చాలును. తగ్గినయెడల, మనకు కావలసినది క్షేమము కాదు, ఒక తల్లి కడుపుకోత. అప్పుడు మోకాళ్లూనవలసినదే. ఈ పరీక్షను యుద్ధకాలమునకే కాదు, కోర్టులో ఓడిన దాయాది విషయమునను, సంఘ ఎన్నికలలో ఓడిన ప్రత్యర్థి విషయమునను మనమీద మనము ప్రయోగించుకొనవచ్చును.

కలైకుండా కథలో నన్ను వెంటాడు సంగతి మరియొకటి కలదు. ఆనాడు తలపడిన రెండు దళముల సంఖ్యయు ఒకటే. మన హంటర్లు 14వ స్క్వాడ్రన్‌వి. ఢాకానుండి వచ్చిన సేబర్లును 14వ స్క్వాడ్రన్‌వి. 1947 వరకు ఒక్కటైయున్న వాయుసేన దేశముతోపాటు రెండుగా చీలినది. పదునెనిమిదేండ్లకే, ఒకే వంశమునకు చెందిన వారసులు ఒకే సంఖ్యతో ఎదురెదురుగా నిలిచిరి. గిబియోను కొలను నొద్ద పండ్రెండుగురును పండ్రెండుగురును అన్నదమ్ముల బిడ్డలే గదా.

అంతేకాదు. 1971 డిసెంబరు నాటికి తూర్పు పాకిస్తాను అను పేరే పటమునుండి తొలగి, బంగ్లాదేశ్ అవతరించెను. అఫ్జల్ ఖాన్ బయలుదేరిన విమానక్షేత్రము ఆరేండ్లు గడువగనే అతని దేశముది కాకపోయెను. ఆ సరిహద్దు కొరకు వెచ్చింపబడిన ఆ యౌవనము తిరిగి రాలేదు. మన పక్షమున పోయిన ప్రాణములును తిరిగి రాలేదు. అయితే ఆ కురుచ బ్రదుకులు వ్యర్థములా?

దేశముల జయాపజయములతో కొలిచినయెడల వ్యర్థములనియే చెప్పవలసివచ్చును, ఏలయనగా రాజ్యములు పటములవలె మడువబడును, పేర్లు మారును. కాని మనుష్యుని వెల అతడు కాచిన సరిహద్దు నిలిచెనా లేదా అను దానిలో లేదు. అతని సృజించినవాని చేతిలో నున్నది. మన రక్షకుడు ఈ లోకమున బ్రదికినది ముప్పది చిల్లర సంవత్సరములు. ఆయనయు సైనికుల చేతనే చంపబడెను, ఆయన తల్లియు నిలుచుండి చూచెను. ఆనాడు సిలువ క్రింద కొందరు తలలూచి పరిహసించిరి. అదియు ఒక విధమైన చప్పట్లే. నాయీను గవిని యొద్ద పాడెమీది యౌవనుని చూచినప్పుడు ప్రభువు, వీడెవడు, ఏ పక్షమువాడు అని విచారింపలేదు. వాని తల్లిని చూచి కనికరపడెను. అఫ్జల్ ఖాన్ నిత్యగతిని గూర్చి తీర్పు చెప్పు అధికారము నాకు లేదు, మీకును లేదు. సర్వలోకమునకు తీర్పుతీర్చువాడు న్యాయము చేయునని అబ్రాహాము నమ్మినట్లు నేనును నమ్ముచున్నాను. నా వంతు తీర్పు కాదు, కనికరము.

తండ్రిగారు నేడు ఆ వరండాలో కూర్చుండియున్నయెడల పండితుల పేర్లు ఒక్కటియు ఎత్తను. ఆయన ప్రక్కన కూర్చుండి ఇట్లందును: “నాయనా, ఆ రోజు నీ చేతుల్లో ఏముందో దేవుడికి తెలుసు. ఇంట్లో అమ్మ, చంటిపిల్ల బతికారన్న సంతోషముంటే, అందులో తప్పు లేదు. వాడు పోయాడన్న సంతోషం కూడా ఉందేమో. ఉంటే దాన్ని ఆయన ముందు పెడదాం. కానీ ఇన్నేళ్ల తరువాత కూడా వాడి తల్లిని గురించి అడుగుతున్నావు చూశావా, చప్పట్లు కొట్టిన ఆ చేతుల్నే దేవుడు ఎప్పుడో ప్రార్థనకు జోడించాడు.”

ఆ మాట చెప్పుటకు సమయమున్నప్పుడు నేను చెప్పలేదు. మీ ఇండ్లలో వృద్ధులెవరైనను అట్టి ప్రశ్న అడిగినయెడల, త్వరపడి జవాబు చెప్పకుడి. వారడుగునది ఎవరి సంగతియో మొదట వినుడి.

మన సంఘములలో దేశముకొరకును సైనికులకొరకును చేయు ప్రార్థనలు మానవలదు. వాటిని ఇంకను ఆసక్తితో చేయుడి. అయితే ఆ ప్రార్థన ముగియుటకు ముందు ఒక్క క్షణము ఆగి, అవతలి గట్టున కబురుకై గుమ్మమువైపు చూచుచున్న తల్లిని కూడ ప్రభువునకు అప్పగించుడి. దూత వచ్చి అంతయు క్షేమమని కేకవేసిన దినమున, సంతోషించుచునే, దావీదువలె మరియొక ప్రశ్న అడుగుటకు మన నోరు మూతపడకుండునుగాక: కుర్రవాడు క్షేమమా?